దెయ్యం ఏ గదిలో ఉంటుందండీ?

అమెరికా, కెనడాల మధ్య ఉన్న మహా సరస్సుల (గ్రేట్ లేక్స్) ఒడ్డున ఉన్న పాత లైట్‌హౌస్‌ల మీద వీడియోలు తీస్తున్న తెలుగు ట్రావెల్ వ్లాగర్లందరికీ,

నమస్కారం.

మిషిగన్ సరస్సు ఒడ్డున ఒక పాత లైట్‌హౌస్‌లో నేను వారాంతాల్లో గైడ్‌గా పనిచేస్తుంటాను. జీతం లేని పని. టికెట్లు చింపడం, మెట్లెక్కేవాళ్లకి తల జాగ్రత్త అని చెప్పడం, అద్దాలకి చేతులు ఆనించొద్దని బతిమాలడం, మధ్యలో దొరికిన రెండు నిమిషాల్లో కాస్త చరిత్ర చెప్పడం. తెలుగువాళ్లెవరైనా వస్తే ఆ రోజు నాకు పండగే. ఇంగ్లీషులో రెండు నిమిషాల్లో ముగించేది తెలుగులో ఇరవై నిమిషాలు చెబుతాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, అది వేరే సంగతి.

ఈ రెండు మూడేళ్లుగా మాత్రం మనవాళ్లు లోపలికి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "దెయ్యం ఏ గదిలో ఉంటుందండీ?"

పోయిన వేసవిలో ఓ పాప, ఎనిమిదేళ్లుంటాయేమో, మెట్ల మొదట్లోనే ఆగిపోయి ఏడుపు మొదలుపెట్టింది. దారిలో కారులో చూసిన వీడియో అంట. వాళ్ల నాన్న నాకు కూడా చూపించాడు. అందులో మా స్తంభమే ఉంది. కీపర్ (అంటే దీపం చూసుకునే ఉద్యోగి) భార్య ఒకావిడ పైనుంచి దూకేసిందని, అమావాస్య రాత్రి ఆమె గాజుల చప్పుడు వినబడుతుందని చెప్పారు. మా స్తంభంలో ఎవరూ దూకలేదు. అమావాస్యకీ ఈ సరస్సుకీ సంబంధం లేదు. ఆ గాజులు ఎక్కడివో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ వీడియో తీసిందెవరో చెప్పను. ఒక్కరి మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. దెయ్యం కథలంటే నాకూ ఇష్టమే, చిన్నప్పుడు దుప్పటి ముసుగు తన్ని విన్నవాణ్నే. నా బాధల్లా ఏమిటంటే, ఈ స్తంభాల్లో నిజంగా బతికిన మనుషుల గురించి రాతపూర్వకంగా బోలెడంత ఉంది. మీరు దాన్ని పక్కకి తోసి, పైన ఎక్కడిదో కథ అతికిస్తున్నారు. అతికించిన కథ అసలు కథ ముందు చాలా పలచగా ఉంటోంది కూడా.

మొదట చిన్న విషయం సరిచేసి ముందుకెళ్తాను. "సముద్రమే లేని చోట లైట్‌హౌస్‌లు ఎందుకు కట్టారో ఇప్పటికీ మిస్టరీనే" అని కొన్ని వీడియోల్లో విన్నాను. మిస్టరీ ఏమీ లేదు. సరస్సు అనగానే మన కళ్లముందు ఊరి చెరువు కదలడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సుపీరియర్ సరస్సు ఒక్కటే దాదాపు 82 వేల చదరపు కిలోమీటర్లు. నడిమధ్యకి వెళ్తే ఏ దిక్కునా ఒడ్డు కనబడదు. నడి సముద్రంలో తుపాను పట్టుకుంటే ఓడ గాలివాటున ఎంత దూరమైనా పోవచ్చు. ఇక్కడ ఎటు పోయినా కొన్ని గంటల్లో ఏదో ఒక ఒడ్డు, లేదంటే నీటి కింద దాక్కున్న రాతిదిబ్బ తగులుతుంది. అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని మడమ ఒకటి తొక్కుతూ వస్తాయి. గోధుమలు, కలప, ఇనుప ఖనిజం అన్నీ ఈ నీళ్ల మీదే వెళ్లాలి. చలికాలం గడ్డకట్టేలోపు ఇంకొక్క ట్రిప్పు వేద్దామన్న ఆశతో ఓడలు నవంబరులో బయల్దేరేవి. పెనుగాలులు వచ్చేదీ నవంబరులోనే. 1905 నవంబరు చివర సుపీరియర్ మీద విరుచుకుపడిన తుపానులో 29 ఓడలు దెబ్బతిన్నాయి. మిన్నెసోటా ఒడ్డున కొండకొమ్ము మీద మీరంతా డ్రోన్ ఎగరేసే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, 1910లో వెలిగింది, ఆ దెబ్బకి కట్టిందే. 1913 నవంబరు తుపాను ఇంకా ఘోరం, 250 మందికి పైగా నావికులు పోయారు.

సరే, ఇక దెయ్యాల దగ్గరికి వద్దాం.

మీలో చాలామంది చెప్పే కథ వాగోషాన్స్‌ది. మిషిగన్ సరస్సు ఉత్తరపు కొసన, ఒడ్డుకి దూరంగా, నీళ్లలోనే కట్టిన స్తంభం అది. 1851లో వెలిగింది. కథ మీకు తెలిసిందే. జాన్ హెర్మన్ అనే కీపర్ ఉండేవాడు, తాగుబోతు, చిలిపివాడు. 1900లో ఓ రాత్రి సరదాకి తన సహాయకుణ్ని పైన దీపం గదిలో పెట్టి తాళం వేశాడు. తూలుకుంటూ నడిచిపోతూ నీళ్లలో పడ్డాడు, మళ్లీ కనబడలేదు. ఆ తర్వాత కుర్చీలు వాటంతట అవే పడిపోయేవట, బొగ్గు దానంతట అదే పొయ్యిలోకి వెళ్లేదట. ఆ భయానికి అక్కడ పనిచేసేందుకు ఎవరూ ఒప్పుకోక స్తంభం మూసేశారట.

మూసింది 1912లో. హెర్మన్ పోయాక పన్నెండేళ్లు ఆ దీపం వెలుగుతూనే ఉంది, దాన్ని వెలిగించే మనుషులు ఉంటూనే ఉన్నారు. 1910లో దగ్గర్లోని వైట్ షోల్ అనే నీటికింది దిబ్బ మీద ఇంకా ఎత్తయిన, ఇంకా శక్తిమంతమైన కొత్త స్తంభం వచ్చింది. అది వచ్చాక పాతదాని అవసరం తీరిపోయింది. అంతే. ఎర్రటి, తెల్లటి చారలు మెలికలు తిరిగిన ఆ స్తంభం ముందు మీరు సెల్ఫీ వీడియోలు కూడా తీసుకున్నారు. రెండు వీడియోలూ ఒకే ఛానల్లో పక్కపక్కనే ఉన్నా రెంటికీ సంబంధం ఉందని ఎవరూ గమనించలేదు.

నాకైతే ఈ రెండో కథే బాగుంటుంది. అరవై ఏళ్లు మంచు దెబ్బలు కాసి, మధ్యలో ఇనప రేకుల తొడుగు వేయించుకున్న స్తంభం, దూరంలో కొత్త దీపం వెలగడంతో పనిలేనిదైపోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాన్ని బాంబులు వేయడం నేర్చుకునేవాళ్లకి గురిగా వాడుకున్నారు. లోపల చెక్కంతా కాలిపోయింది. తొడుగు ఊడి నీళ్లలో పడింది. తాగుబోతు దెయ్యం కుర్చీ తన్నడం కంటే ఇది తక్కువ కథా?

హెర్మన్ కథ పోనీ సరదా కథే అనుకుందాం. బిగ్ బే దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. సుపీరియర్ ఒడ్డున 1896లో వెలిగిన స్తంభం. మొదటి కీపర్ విలియం ప్రయర్. అతని కొడుకే అతనికి సహాయకుడు. 1901లో కొడుకు కాలికి దెబ్బ తగిలి, పుండు ముదిరి చనిపోయాడు. కొన్నాళ్లకే తండ్రి అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదు. 1902 నవంబరులో ఎవరో వేటగాడికి అతని దేహం కనబడింది. దీన్ని "ఎర్రజుట్టు దెయ్యం రివెంజ్" అని థంబ్‌నెయిల్ పెట్టి, పైన మూడు అరుపుల ఎమోజీలు పెట్టారొకరు. దేనికి రివెంజ్? ఎవరి మీద? కొడుకుని పోగొట్టుకున్న తండ్రి అతను. అదే మన పక్కింట్లో జరిగితే గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం.

జానపదం అంతా అబద్ధమని నేను అనడం లేదు. ఒక్కోసారి కథే ముందు నడుస్తుంది, కాగితం వెనక నుంచి వచ్చి కలుస్తుంది. టొరంటో దీవుల మీది జిబ్రాల్టర్ పాయింట్ సంగతి అలాంటిదే. 1808లో కట్టారు, మహా సరస్సుల మీద ఇప్పటికీ నిలబడి ఉన్న స్తంభాల్లో అన్నిటికంటే పాతది. తొలి కీపర్ జె.పి. రాడెల్‌ముల్లర్, జర్మనీ నుంచి వచ్చినవాడు, అంతకుముందు ఇంగ్లండ్ రాజకుటుంబీకుల దగ్గర నౌకరీ చేసినవాడు. ఇంట్లో బీరు కాచేవాడని చెబుతారు. 1815 జనవరి 2 రాత్రి కోట నుంచి సైనికులు బీరు కోసం వచ్చారని, మాటా మాటా పెరిగి అతన్ని చంపేశారని, ముక్కలు చేసి ఎక్కడెక్కడో పాతేశారని కథ. స్తంభం కింద ఇసుకలో ఇప్పటికీ అతను తన ముక్కలు వెతుక్కుంటూ తిరుగుతాడని దాని కొనసాగింపు.

ఇందులో ఏది నిజం? అతను హత్యకి గురవడం నిజం. అప్పటి పత్రికలోనే వచ్చింది. ఇద్దరు సైనికుల్ని పట్టుకోవడం, విచారణ జరగడం, వాళ్లు నిర్దోషులుగా బయటపడటం కూడా నిజం. చాలా ఏళ్ల తర్వాత, 1893లో, అప్పటి కీపర్ జార్జ్ డర్నన్ కథ విన్న కుతూహలం కొద్దీ దగ్గర్లో తవ్వించాడు. శవపేటిక ముక్కలు, ఒక దవడ ఎముక దొరికాయి. అవి రాడెల్‌ముల్లర్‌వేనని తేల్చే దారి లేకపోయింది. ముక్కలు చేశారన్న భాగం మాత్రం నోటి మాటే. శవాన్ని ముక్కలు చేసి విసిరేసేవాళ్లు పెట్టె చేయించి పాతిపెడతారా అన్న ప్రశ్న మీ వీడియోలో ఒక్కరూ అడగలేదేం? అడిగితే వీడియో ఇంకో రెండు నిమిషాలు పెరిగేది, అది కూడా మంచి రెండు నిమిషాలు.

ఇంకో మాట. అక్కడికి వెళ్లినప్పుడు స్తంభానికీ నీటికీ మధ్య ఎంత నేల ఉందో చూశారా? కట్టినప్పుడు నీళ్లు చాలా దగ్గర్లోనే ఉండేవి. ఇసుక మేట వేస్తూ వేస్తూ సరస్సే వెనక్కి జరిగిపోయింది. చెట్ల మధ్య నిలబడ్డ దీపస్తంభం! నాకు అక్కడ దెయ్యం కంటే అదే వింతగా అనిపించింది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మనిషి దగ్గరికి వస్తున్నాను. మిషిగన్ సరస్సు దక్షిణపు కొసన, ఇండియానాలో, మిషిగన్ సిటీ. (ఊరి పేరు మిషిగన్, ఉన్నది ఇండియానాలో. దీని గురించి నన్ను అడగొద్దు.) అక్కడి పాత లైట్‌హౌస్‌కి హ్యారియెట్ కోల్‌ఫాక్స్ అనే ఆవిడ 1861లో కీపర్ అయ్యారు. దగ్గరి బంధువు షైలర్ కోల్‌ఫాక్స్ అప్పుడు కాంగ్రెస్ సభ్యుడు, తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. అందుకని సిఫారసు ఉద్యోగం అని ఊళ్లో అనుకునే ఉంటారు. ఆ సిఫారసు ఉద్యోగాన్ని ఆవిడ 43 ఏళ్లు చేశారు. 1904లో, ఎనభయ్యో ఏట దిగిపోయారు. మరుసటి ఏడాదే పోయారు. ఆవిడతో పాటు అదే ఇంట్లో దశాబ్దాలుగా ఉన్న స్నేహితురాలు ఆన్ హార్ట్‌వెల్ అంతకు కొద్ది నెలల ముందే పోయారు.

ఇంటి మీది దీపం చూసుకోవడం ఒక పని. 1870ల్లో దానికి తోడు రేవు గట్టు చివర ఇంకో దీపం వచ్చింది. గట్టంటే సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నటి కట్ట. రోజూ సాయంత్రం దాని మీద నడిచి, చివరికంటా వెళ్లి, దీపం వెలిగించి రావాలి. ఆ రోజుల్లో దీపాల్లో వాడింది పంది కొవ్వు నూనె. అంతకుముందు తిమింగలం నూనె వాడేవాళ్లు, దాని ధర పెరిగిపోయాక ఇటు మారారు. ఈ కొవ్వు నూనెకి చలి తగిలితే పేరుకుపోతుంది. పేరుకున్న నూనె వత్తి పైకి ఎక్కదు. కాబట్టి ముందు ఇంట్లో పొయ్యి మీద వేడి చేయాలి, డబ్బాలో పోసుకోవాలి, అది చల్లారేలోపు గట్టు చివరికి చేరాలి. చీకటి పడుతుంటుంది. గాలి కొడుతుంటుంది. అలలు గట్టు మీదికి ఎక్కి, అక్కడికక్కడే గడ్డకడుతుంటాయి. యాభై దాటిన ఆవిడ, పొడవాటి గౌను, ఒక చేతిలో వేడి నూనె. ఒక్కోసారి సగం దూరం వెళ్లేసరికే నూనె గట్టిపడేది, మళ్లీ వెనక్కి వచ్చి వేడి చేసుకుని వెళ్లాలి.

ఇదంతా మనకెలా తెలుసు? ఆవిడే రాశారు. 1872 నుంచి ప్రతి కీపరూ రోజువారీ లాగ్‌బుక్ రాయాలని అమెరికా ప్రభుత్వపు లైట్‌హౌస్ బోర్డు నియమం పెట్టింది. గాలి ఎటు, వాన ఎంత, ఏ ఓడ వచ్చింది, ఏం మరమ్మతు జరిగింది. ఆ పుస్తకాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, కొన్ని ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. చాలామంది కీపర్లు పొడిపొడిగా రాశారు, ఒక్కో పేజీ చదువుతుంటే నిద్ర వస్తుంది, దాచుకోవడం ఎందుకు. కానీ పొడి పొడి వాక్యాల మధ్య ఉన్నట్టుండి ఓ మాట తగులుతుంది. అలాంటి ఒక్క మాట కోసం నేను నలభై పేజీల వాతావరణం చదివిన రోజులున్నాయి.

హ్యారియెట్ ఒక్కరే కాదు. ఒహాయోలో మార్బుల్‌హెడ్ దీపం 1822 నుంచి ఇప్పటిదాకా వెలుగుతూనే ఉంది. తొలి కీపర్ 1832లో కలరాతో పోతే భార్య రేచెల్ వోల్కాట్ ఆ పని అందుకున్నారు, మహా సరస్సుల మీద తొలి మహిళా కీపర్ ఆవిడే. మిషిగన్‌లో క్యాథరిన్ షుక్ భర్త 1849లో నీళ్లలో మునిగిపోయాడు, పిల్లల్ని పెట్టుకుని ఆవిడ దీపం చూసుకున్నారు. బీవర్ ఐలండ్‌లో ఎలిజబెత్ వాన్ రైపర్ భర్త 1872లో, మునుగుతున్న ఓడలోని మనుషుల్ని కాపాడటానికి పడవ వేసుకుని వెళ్లి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. ఆవిడ ఆ దీపాన్ని, ఆ తర్వాత ఇంకో చోట ఇంకో దీపాన్ని, మొత్తం 41 ఏళ్లు వెలిగించారు. మీ "తెల్లచీర ఆడదెయ్యం" కథలన్నీ ఎక్కడినుంచి పుట్టాయో నాకు ఇక్కడ కాస్త అనుమానం వస్తుంది. రాత్రి పూట లాంతరు పట్టుకుని గట్టు మీద నడిచిన ఆడవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లు ప్రాణాలతో ఉన్నారు, డ్యూటీలో ఉన్నారు.

మీ కథకి విలన్ లేకపోతే వ్యూస్ రావంటారా? ఒకాయన ఉన్నాడు, ఇస్తాను తీసుకోండి. స్టీఫెన్ ప్లెజంటన్. ఖజానా శాఖలో లెక్కలు చూసే అధికారి. 1820 నుంచి 1852 దాకా అమెరికా లైట్‌హౌస్‌లన్నీ ఆయన చేతి కింద ఉన్నాయి. నావికుడు కాదు, ఇంజనీరు కాదు. పైసా పైసా మిగిల్చి ప్రభుత్వానికి చూపించడమే ఆయన లక్ష్యం. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ తయారుచేసిన కటకం 1823లోనే వెలిగింది. ఒక్క దీపం చుట్టూ పట్టకాల్లాంటి గాజు ముక్కలు పొరలు పొరలుగా అమర్చి, పైకీ కిందికీ వృథాగా పోయే వెలుగునంతా వంచి ఒకే వరుసలో ముందుకి పంపే కటకం అది. ఈయన మాత్రం ఖరీదెక్కువని దాన్ని దూరం పెట్టి, మసిపట్టిన రిఫ్లెక్టర్లతోనే ముప్ఫై ఏళ్లు లాగించాడు. ఓడల కెప్టెన్లు మొత్తుకుంటూనే ఉన్నారు. 1852లో ఆయన్ని తప్పించి బోర్డు వేశాకే ఫ్రెనెల్ కటకాలు ఈ సరస్సుల మీదికి విరివిగా వచ్చాయి. ఫైలు మీద సంతకం పెట్టని మనిషి వల్ల చీకట్లో ఎన్ని ఓడలు తడుముకున్నాయో ఊహించుకోండి. ఇంతకంటే భయపెట్టే పాత్ర నాకైతే ఏ స్తంభంలోనూ కనబడలేదు.

నవ్వించేవీ ఉన్నాయి. 1857లో ఒక కాంట్రాక్టరు సుపీరియర్‌లో ఒక దీవి మీద కట్టాల్సిన లైట్‌హౌస్‌ని ఇంకో దీవి మీద కట్టేశాడు. మిషిగన్ ఐలండ్ మీది పాత స్తంభం అదే. అధికారులు వచ్చి చూసి తలపట్టుకున్నారు, సరైన దీవి మీద మళ్లీ సొంత ఖర్చుతో కట్టించారు. తప్పు చోట కట్టింది ఏడాది వెలిగి ఆగిపోయింది, 1869లో అవసరం పడి మళ్లీ వెలిగించారు.

హ్యూరన్ సరస్సులో స్పెక్టకిల్ రీఫ్ అనే రాతిదిబ్బ మీద నీళ్ల మధ్య రాతి స్తంభం కట్టడానికి నాలుగేళ్లు, 4 లక్షల డాలర్ల పైన పట్టింది. చలికాలం ఓడలు తిరగవు కాబట్టి మనుషులు ఒడ్డుకి వచ్చేసేవాళ్లు. 1874 వసంతంలో తిరిగి వెళ్లేసరికి తలుపు కనబడలేదు. మంచు 30 అడుగుల ఎత్తున పేరుకుపోయి ఉంది. గొడ్డళ్లతో మంచుని నరుక్కుంటూ తమ ఇంటి గుమ్మం తామే వెతుక్కున్నారు. స్తంభానికి మాత్రం ఏమీ కాలేదు.

నేను దెయ్యం కథల్ని ద్వేషిస్తానని ఇంతవరకూ చదివి అనుకునేరు. టాల్బాట్ దీవి కథ నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎన్నిసార్లు విన్నా. సుపీరియర్ ఉత్తరపు ఒడ్డున కెనడా వాళ్లు 1867లో కట్టిన చెక్క స్తంభం. తొలి కీపర్ సీజను అయ్యాక పడవలో ఒడ్డుకి వెళ్తూ చనిపోయాడు. రెండో కీపర్ థామస్ లాంఫియర్ భార్యతో కలిసి చలికాలం అక్కడే ఉండిపోదామనుకున్నాడు. చలి మధ్యలో జబ్బుపడి పోయాడు. నేల రాయి, పైన మంచు, గొయ్యి తవ్వే దారి లేదు. భార్య అతని దేహాన్ని ఒక రాతి పగులులో పెట్టి, వసంతం దాకా ఒక్కర్తే ఉందని చెబుతారు. అటుగా పడవల్లో వచ్చిన ఓజిబ్వే అనే స్థానిక తెగ మనుషులు వేరే దీవికి తీసుకెళ్లి పాతిపెట్టారట. ఆవిడ నల్లజుట్టు ఆ ఒక్క చలికాలంలో తెల్లబడిపోయిందని కూడా అంటారు. మూడో కీపర్ కూడా ఒడ్డుకి వచ్చేటప్పుడు తగిలిన చలి దెబ్బకి పోయాక ఆ స్తంభాన్ని వదిలేశారు.

జుట్టు తెల్లబడిందో లేదో నాకు పట్టింపు లేదు. ఆ మాట లేకుండా ఆ కథ చెప్పను కూడా. కాకపోతే చెప్పేటప్పుడు "అంటారు" అని ఒక్క మాట చేరుస్తాను. మన అమ్మమ్మలు కథ చెబితే ప్రతి వాక్యం చివరా "ట" ఉండేది గుర్తుందా? వచ్చాడట, చూశాడట, పోయాడట. ఆ ఒక్క అక్షరంలో ఎంత నిజాయితీ ఉందో! తెలుగులో ఇంత సుళువైన పనిముట్టు ఉండగా మీరు దాన్ని వదిలేసి "హండ్రెడ్ పర్సెంట్ రియల్ స్టోరీ" అంటారేమిటి?

ఇక సుపీరియర్ ఒడ్డున ఉన్న వైట్‌ఫిష్ పాయింట్ లైట్‌హౌస్. 1975 నవంబరు 10 రాత్రి ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఓడ 29 మందితో సుపీరియర్‌లో మునిగింది. అందరూ ఈ వీడియో చేశారు, తప్పు పట్టను, చేయాల్సిందే. కానీ ఆ సాయంత్రం తుపానుకి కరెంటు పోయి వైట్‌ఫిష్ పాయింట్ రేడియో బీకన్ (ఓడలకి దారి చూపే సిగ్నల్) ఆగిపోయిందని, దీపం కూడా కాసేపు వెలగలేదని మీలో ఎంతమంది చెప్పారు? ఓడలో రాడార్లు పాడై, ఆ కెప్టెన్ ఆ దీపం కోసం, ఆ సిగ్నల్ కోసం వెతుకుతున్నాడు. రేడియోలో దారిలో ఉన్న ఇంకో ఓడని అడిగాడు కూడా. దీపం లేకపోవడం వల్లే మునిగిందని నేను చెప్పడం లేదు, కారణం మీద యాభై ఏళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. అప్పటికి ఆ స్తంభంలో కీపర్ లేడు, అంతా ఆటోమేటిక్. కరెంటు పోతే గొణుక్కుంటూ లేచి లాంతరు వెలిగించే మనిషిని మనం అప్పటికే ఇంటికి పంపేశాం. నాకు ఆ చీకటి స్తంభమే ఈ సరస్సుల మీది అసలు దెయ్యం కథలా అనిపిస్తుంది.

1969లోనే ఆపేసిన స్ప్లిట్ రాక్ దీపాన్ని ప్రతి నవంబరు 10న ఆ 29 మంది కోసం మళ్లీ వెలిగిస్తారు. పేర్లు చదువుతూ గంట కొడతారు. ఒకసారి వెళ్లండి. కెమెరా జేబులో పెట్టుకుని వెళ్లండి, ఆ ఒక్కసారికి.

మీనుంచి నేను కోరేవి పెద్దవేం కాదు. మా స్తంభం కథ మా స్తంభానికే ఉంచండి, ఇంకోచోటిది తెచ్చి పెట్టకండి. కథ చెబితే "అంటారు" అనండి. చనిపోయినవాళ్ల పేర్లు థంబ్‌నెయిల్ మీద వేసేముందు, వాళ్ల మనవలు మునిమనవలు ఇదే ఒడ్డున ఉంటున్నారని, టికెట్ కొనుక్కుని మా మెట్లెక్కుతున్నారని గుర్తుపెట్టుకోండి. పోయిన ఏడాది అలా ఒకాయన వచ్చి తాతగారి చేతిరాత ఉన్న పేజీ ముందు చాలాసేపు నిలబడ్డాడు, నేను పక్కకి వెళ్లిపోయాను.

మూసేసిన స్తంభాల్లోకి తాళం పగలగొట్టి వెళ్లకండి. వీడియో కోసం వెళ్లిన ఒకరి కాలు కుళ్లిన మెట్టులో దిగబడిందని విన్నాను. ఇంకొకటి, అడిగి అడిగి నోరు నొప్పి పుడుతోంది. ఫ్రెనెల్ కటకాన్ని ముట్టుకోకండి. కోటు గుండీ తగిలితే గాజుకి గీత పడుతుందని ఆ రోజుల్లో కీపర్లు నారబట్ట ఏప్రాన్ కట్టుకుని తుడిచేవాళ్లు. పగలు తెరలు దించేవాళ్లు, లేకపోతే ఎండ ఆ గాజులో పోగుపడి నిప్పంటుకునేది. నూట యాభై ఏళ్లు అంత జాగ్రత్తగా చూసుకున్న వస్తువు మీద మీ సెల్ఫీ స్టిక్ తగిలినప్పుడు నా గుండె ఎక్కడికి పోతుందో మీకు తెలియదు.

మా చోటికి వస్తే పాత లాగ్‌బుక్ కాపీలు చూపిస్తాను. చేతిరాత కష్టం, నేను చదివిపెడతాను. ఏ పేజీలో ఏముందో ఇప్పటికి సగం బట్టీ వచ్చేసింది. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, ట్రైపాడ్ పట్టదు. చెప్పుల్లో కాకుండా బూట్లలో రండి. అక్టోబరు చివరికల్లా మూసేస్తాం, ఆలోపు ఎప్పుడైనా సరే, శనాదివారాల్లో నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
టికెట్ కౌంటరు దగ్గర కూర్చునే మీ తెలుగు గైడ్